బల్ల జాబితాలో జీవరత్నం పేరు

మా పెద్ద కుమారుడు జీవరత్నం, ముప్పై ఒక్క ఏండ్ల వాడు, విషజ్వరంతో పోయిన నెల ప్రభువు సన్నిధికి పిలువబడ్డాడు. ఐరాల సంఘంలో ఇరవై ఏండ్లుగా ఉపదేశిగా ఉండి ఎందరినో సమాధుల వద్ద ఓదార్చిన నాకు, కన్నకొడుకు ముఖం మీద గుడ్డ కప్పిన రోజున ఒక్క బైబిలు వాక్యమూ గుర్తుకు రాలేదు.

వాడికి రెండు ఋతువులుండేవి. వెలుగు ఋతువులో నిద్ర అక్కరలేదు. కాణిపాకం దాకా పాడుతూ నడిచి, ఒంటిమీది చొక్కా ఎవరికో ఇచ్చి వచ్చేవాడు. ఈ యుద్ధకాలంలో ఇంటికి దొరికిన కాస్త కిరసనాయిలూ ఒకసారి మందిరం దీపాలకు పోశాడు. ఒకనాడు మేకల మందకు వాక్యం చెబుతుంటే, మా సంఘంలోని ముసలి సువార్తమ్మ చూసింది.

"ఏమబ్బా, మేకలకు గూడా బాప్తిస్మం ఇస్తావా?"

"నీకంటే ఇవే బాగా వింటాయత్తా. ఒక్కటన్నా కునుకు తీస్తాండాదేమో సూడు."

ఆమె ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతుంది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటుంది. ఆ రోజుల్లో సంఘమంతా వాణ్ణి ఆత్మపూర్ణుడని మెచ్చుకునేది. నేనూ గర్వించాను.

తరువాత చీకటి ఋతువు వచ్చేది. నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకునేవాడు. వెలుగు పరిశుద్ధాత్మ వలన కలిగితే ఈ చీకటి పాపం వలన కలిగిందే అని మేము తేల్చుకున్నాం. ఇది మనోవ్యాధి అని వైద్యుడు చెప్పినా నేను చెవిని పెట్టలేదు.

మూడు నెలలకొకసారి చిత్తూరు నుండి పాదిరి అయ్యగారు వచ్చి ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం, ఇస్తారు. అందుకు యోగ్యులైనవారి పేర్లు రాసి ఇవ్వడం ఉపదేశి పని. వాడు బ్రతికి ఉండగా ఆయన చివరిసారి వచ్చినప్పుడు, వాడు ఆ చీకటి ఋతువులోనే లేచి, స్నానం చేసి వచ్చి నా ఎదుట నిలబడ్డాడు.

"నాయనా, నా పేరు రాసినావా?"

"ఏం పాపం చేసినావో ఒప్పుకో. రాస్తాను."

"వెతికినాను నాయనా. ఏదీ కనపళ్ళేదు. నీకేమన్నా తెలిస్తే సెప్పు, ఒప్పుకుంటాను."

నేను రాయలేదు. వాడు మందిరం వాకిట్లో, చెప్పుల దగ్గర కూర్చుని ఆరాధన విన్నాడు. అయ్యగారు మళ్ళీ రాకముందే జ్వరం వచ్చింది.

సంఘస్థులకు నేను తెలియజేయవలసింది ఒక్కటే. నా కుమారుడు పాపం దాచలేదు, రోగం మోశాడు. బైబిలులో, చెట్టు కింద కూలబడి చావు కోరిన ప్రవక్తను దేవుడు విచారణ చేయలేదు. అన్నం పెట్టి నిద్రపుచ్చాడు. ఎన్నోమార్లు ఇది బోధించాను. నా ఇంట్లో మాత్రం మరిచాను.

పోయిన ఆదివారం అయ్యగారు వచ్చారు. జాబితా రాస్తుంటే నా భార్య, "ముందు బిడ్డ పేరు రాయండి" అంది.

"సచ్చిపోయినోళ్ళకు బల్ల యాడుండాది?"

"బతికున్నప్పుడు మాత్రం ఇచ్చినారా?"

రాశాను. అయ్యగారు ఆ పేరు పైకి చదివి, తల వంచుకున్నారు.

ఆ జాబితాలో నా పేరు నేను రాసుకోలేదు. వాకిట్లో, వాడు కూర్చున్న చోటనే కూర్చుని ఆరాధన విన్నాను. అక్కడికి పాటలు బాగానే వినిపిస్తాయి. వాడి గొంతు ఒక్కటే లేదు.