ఇల్లంత వయొలిన్

ఆ వీధిలో అందరూ ఆమెను జిగురత్త అంటారు. వేళ్ళకి ఎప్పుడూ జిగురు అంటుకుని ఉంటుంది కాబట్టి ఆ పేరు. వయొలిన్లు బాగుచేయడం ఆమె పని. తండ్రి దగ్గర నేర్చుకుంది. అరవై ఆరేళ్ళు వచ్చినా కొట్టు మూయలేదు. కొట్టంటే మరీ పెద్దదేమీ కాదు. ఒక బల్ల, ఒక కిటికీ, వేడినీళ్ళ గిన్నెలో కూర్చోబెట్టిన జిగురు డబ్బా, గోడ పొడవునా మేకులకి మెడలు తగిలించుకుని వేలాడే వయొలిన్లు. కొత్తవాళ్ళు లోపలికి అడుగుపెట్టగానే ముక్కు మూసుకుంటారు. ఆమెకి ఆ వాసన తెలియడం మానేసి చాలా ఏళ్ళయింది.

బాగుచేయడం కంటే వెలకట్టడం ఆమెకి పెద్ద తలనొప్పి. తాతల నాటి వయొలిన్ అటక మీద దొరికితే చాలు, జనం దాన్ని దుప్పట్లో చుట్టి పసిబిడ్డని తెచ్చినట్టు తెస్తారు. లోపల అంటించిన కాగితం మీద ఎవరో మహా పనివాడి పేరుంటుంది. అలాంటి కాగితాలు కట్టలు కట్టలుగా అచ్చువేసి, దొరికిన ప్రతి వయొలిన్‌లోనూ అంటించారని పాపం వాళ్ళకి తెలియదు. ఈ విషయంలో తండ్రి ఆమెకి నేర్పిన పద్ధతి ఒకటే. కాగితం చదవకు, పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం లోపలికి దూర్చి చెక్కని చూడు, ఆ తరవాతే నోరు తెరువు. మొదటి రెండూ జిగురత్తకి బాగానే పట్టుబడ్డాయి. నోరు మాత్రం ఏనాడూ ఆమె చెప్పుచేతల్లో లేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం నాలుగు వీధుల అవతల బేకరీ నడిపే ఆయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, చొక్కా మడతల్లో ఇంకా పిండి ఉంది. చంకలో వయొలిన్ పెట్టె, చేతిలో వేడివేడి బన్నుల పొట్లం. పొట్లం బల్ల మీద పెట్టి, ఎడమ చేత్తో పెట్టె గొళ్ళెం తీస్తూ తన కథ చెప్పుకొచ్చాడు. తండ్రి పోయి ఏడాదైంది. పోయేముందు ఇల్లు పెద్దకొడుక్కి, ఈ వయొలిన్ చిన్నకొడుక్కి రాశాడట. అదేమిటని అడిగిన చుట్టాలందరికీ, రెండూ ఒకటే అని ఒకే జవాబు చెప్పాడట. అన్నయ్య మంచివాడే గానీ ఆ మాట ఎత్తినప్పుడల్లా నవ్వు దాచుకోవడానికి దగ్గు వచ్చినట్టు నటిస్తాడు. చుట్టాలు ఆమాత్రం కూడా నటించరు.

"అమ్మడానికి కాదత్తా," అన్నాడు బేకరీ ఆయన. "నాన్న నన్నూ అన్నయ్యనీ ఒకేలా చూశాడా, లేక చిన్నోడే కదా అని ఏదో ఒకటి చేతిలో పెట్టాడా? అదొక్కటే తెలియాలి నాకు."

ఆ వారంలో జిగురత్త దగ్గరికి అప్పటికే మూడు దొంగ కాగితాల వయొలిన్లు వచ్చాయి. పైగా గిన్నెలో నీళ్ళు ఇగిరిపోయి డబ్బాలో జిగురు మాడుతోంది. ఒక కన్ను దాని మీద ఉంచి, రెండో కంటితో లోపలి కాగితం చూసింది. అదే మహా పనివాడి పేరు. ఆమెకి నవ్వొచ్చింది. తెలిసిన సంగీతం మాస్టారి చేత కొత్త తీగలు వేయించానన్నాడు కదా అని కమాను తీసి ఒక లాగు లాగింది. జలుబు చేసిన మనిషి దుప్పట్లోంచి మాట్లాడినట్టుంది ఆ మోత.

"గోడకి తగిలించుకో బాబూ. అందంగా ఉంటుంది," అంది.

బేకరీ ఆయన నీరుగారిపోయాడు. మా గోడ మీద వద్దు లెండి, మీ గోడ మీదే ఉంచండి అని చెప్పి, పెట్టె కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. బన్నులు మాత్రం బల్ల మీద పొగలు కక్కుతూ ఉన్నాయి.

జిగురత్త భర్త ఒకప్పుడు ఆఫీసులో టైపిస్టు. ఇప్పుడు ఆ కొట్టులో ఆయనకున్న ఉద్యోగం టీ పెట్టడం, పక్కన కూర్చుని వినడం. ఆయన ఒక బన్ను తుంచుకుని తాపీగా నములుతూ, "అద్దం పెట్టి చూశావా?" అన్నాడు.

జిగురత్త నాలుక కరుచుకుంది.

మర్నాడు పొద్దున్నే కిటికీ వెలుతురులో వయొలిన్‌ని పడుకోబెట్టింది. వెనకచెక్క ఒకే పలక, చెక్క గీతలు ఈనెల్లా చక్కగా ఉన్నాయి. అంచు చుట్టూ నల్లగీత రంగుతో గీసింది కాదు, చెక్కలో తొలిచి పొదిగింది. ఎవరు చేశారో గానీ వాడి చెయ్యి బంగారం. పొట్ట మీది రంధ్రంలోంచి అద్దం లోపలికి దూర్చింది. పైచెక్కకి అడుగున, లావు తీగ ఉండే వైపు నిలువుగా ఒక చెక్కబద్ద అతికించి ఉండాలి. సన్న తీగ వైపు ఒక చిన్న పుల్ల నిలబెట్టి ఉండాలి. ఇందులో అవి రెండూ అటుదిటు, ఇటుదటు అయి ఉన్నాయి. ఎడమచేతివాటం వాళ్ళు వాయించడానికి మార్చిన వయొలిన్ అది. దానికి మాస్టారు మామూలు పద్ధతిలో తీగలు కడితే ముక్కు దిబ్బడ వేయక ఏం చేస్తుంది?

బద్ద పక్కనే పెన్సిలు రాత కనిపించింది. అద్దంలో అక్షరాలు తిరగబడతాయి గానీ ఆమెకి అలా చదవడం అలవాటే. రాత తన తండ్రిది. చదువుతుంటే ఆమె కళ్ళు చెమర్చాయి. ఏ ఏడో గానీ, ఇదే కొట్టులో ఆయన ఒక మనిషితో రెండు రోజులు వాదించి వాదించి ఓడిపోవడం అప్పుడు గుర్తొచ్చింది.

అప్పటికప్పుడు చెప్పులేసుకుని, పెట్టె చంకన పెట్టుకుని, అద్దం జాకెట్టులో దోపుకుని బేకరీకి బయల్దేరింది. బేకరీ ఆయన పిండి పిసుకుతున్నాడు. చేతులు కడుక్కోమని చెప్పి, ట్రేల పక్కన వయొలిన్ పెట్టి, దీపం దగ్గరికి లాగి అద్దం చూపించింది. అతనికి ఆ తిరగబడ్డ అక్షరాలు అంతుపట్టలేదు. ఆమే చదివింది.

"ఎడమచేతి పిల్లవాడి కోసం మార్చాను. ఖరీదు పోతుందని, వద్దని చెప్పాను. తండ్రి వినలేదు."

అతను పక్కనే ఉన్న పిండి బస్తా మీద చతికిలబడ్డాడు. అక్కడినుంచే చిన్నప్పటి సంగతి చెప్పాడు. తొమ్మిదేళ్ళప్పుడు సంగీతం పాఠానికి పంపితే, అప్పటి మాస్టారు ఎడమ చేతి మీద స్కేలుతో కొట్టాడట. ఇక ఆ దిక్కుమాలిన పెట్టె ముట్టనని ఇంట్లో ఒట్టు పెట్టుకున్నాడట. రోజూ సాయంత్రం వాయించే తండ్రి ఆ ఏడాదే వాయించడం మానేశాడు.

"నా మీద అలిగాడనుకున్నా ఇన్నాళ్ళూ," అన్నాడు.

"అలగలేదు బాబూ. నీకు సరిపడేలా మార్పించాక, అది ఆయన చేతికి పలకలేదు. నువ్వు ముట్టుకోలేదు, నీ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక ఆయనా చెప్పలేదు," అంది జిగురత్త. "నిన్న నేను వాగింది తప్పు. మార్చకముందు ఇది నిజంగా మీ ఇల్లంత ఖరీదు చేసేది. ఆ ఖరీదంతా ఆయన నీకు ఎప్పుడో ఇచ్చేశాడు."

ఓవెన్‌లో రొట్టెలు మాడిపోయాయి. ఇద్దరిలో ఎవరూ చూసుకోలేదు.

నెల రోజులు గడువిస్తే బద్ద మళ్ళీ మామూలు వైపుకి మార్చేస్తానని, పోయిన ఖరీదు చాలావరకు తిరిగొస్తుందని జిగురత్త చెప్పింది. అతను తల అడ్డంగా ఊపి, తన ఎడమ చెయ్యి ముందుకు చాపాడు. ఆమె తీగలు ఆనే కొత్త బ్రిడ్జి చెక్కి, తీగలు తిప్పి కట్టి ఇచ్చింది. పైసా పుచ్చుకోలేదు. అది తన నోటికి తను వేసుకున్న జరిమానా అని భర్తతో చెప్పింది. ఆయన ఆ రోజు రెండు టీలు పెట్టాడు.

బేకరీ ఆయన యాభై రెండేళ్ళకి మొదటి పాఠం మొదలుపెట్టాడు. పొద్దున్నే రొట్టెలు ఓవెన్‌లోకి తోసి, అవి పొంగేదాకా సాధన చేస్తాడు. వయొలిన్‌కి జలుబు తగ్గింది గానీ వాయించే మనిషికి ఇంకా చెయ్యి తిరగలేదు. బేకరీ గోడకి ఆనుకునే అన్నయ్యగారి ఇల్లు. రెండు నెలలు భరించాక ఒకరోజు పెద్దాయన తాళంచెవుల గుత్తి పట్టుకుని వచ్చాడు. అప్పుడు జిగురత్త అక్కడే ఉంది, తీగ బిగించడానికి వచ్చింది.

"ఒరేయ్, ఇల్లు నువ్వు తీసుకో. ఆ వయొలిన్ నాకిచ్చెయ్," అన్నాడు పెద్దాయన.

తమ్ముడు కమాను దించకుండా నవ్వాడు. "రెండూ ఒకటే కదన్నయ్యా. మార్చుకోవడం దేనికి?" అన్నాడు.