రెండు కుప్పలైన బొంత

బొంత ఇచ్చిన మరుసటి రోజు పొద్దున అమ్మ వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుని, బ్లేడుతో దాని కుట్లు తెంపుతూ కనిపించింది.

అక్క నా వెనకే కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడింది. మేమిద్దరం వేళ్ళు పొక్కులెక్కేదాకా కుట్టిన బొంత అది. మదర్స్ డే, అంటే అమ్మల పండగ అని చెప్పి ముందురోజు మధ్యాహ్నం అమ్మ ఒళ్ళో పెట్టాం. అప్పుడు విప్పి చూసింది. ఒక్కో ముక్కనూ వేలితో తడిమింది. "బాగుండాది" అంది. రాత్రి మంచం మీద పరుచుకుందో లేదో మేం చూడలేదు. ఇప్పుడు ఆమె ముందు రెండు కుప్పలున్నాయి. ఊడదీసిన ముక్కను వెలుతురుకు పట్టి చూసి ఒకదాన్ని ఎడమకు, ఇంకోదాన్ని కుడికి వేస్తోంది.

"ఏంటికమ్మా తెంపతా ఉండావు?" అన్నాను.

"అంతా కలిపి కుట్టేసినారు గదరా," అంది తలెత్తకుండా. "ఇవి యేరే, అవి యేరే."

అక్క గ్లాసును పిట్టగోడ మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి సంచీ సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది.

ఆ మాట అక్కకు ఎందుకు తగిలిందో తెలియాలంటే మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. మా నాయనకు అమ్మ రెండో భార్య. మొదటి ఆమె జ్వరంతో పోయేనాటికి అక్కకు ఇంకా మాటలు సరిగా రాలేదు. ఆ ఏడాదే అమ్మ ఈ ఇంటికి వచ్చింది. తర్వాత నేను పుట్టాను. ఇందులో దాచిపెట్టిన విషయం ఏమీ లేదు. పోయిన ఆమెను మేమిద్దరం పెద్దమ్మ అనే అంటాం. అమ్మ మెడలో తాళితో పాటు ఆమె గుర్తుగా చేయించిన చిన్న బంగారు రూపు బిళ్ళ ఉండేది. నాయన పోయాక తాళి తీసేశారు కానీ, రూపును అమ్మ నల్లదారానికి కట్టుకుని మెడలోనే ఉంచుకుంది. ఏటా మహాలయ అమావాస్యకు పెద్దమ్మ పటం ముందు కొత్త చీర పెట్టి, దండం పెట్టుకుని, ఆ చీర తనే కట్టుకునేది. మా వైపు రెండో పెళ్ళి ఇళ్ళలో ఇది మామూలే. అక్కకూ నాకూ మధ్య అమ్మ తేడా చూపించిందని బంధువులు కూడా ఏనాడూ అనలేదు. అక్క పురుళ్ళన్నీ అమ్మ చేతుల మీదే జరిగాయి.

బొంత ఆలోచన నాది. పత్రికలో పనిచేసినంత కాలం మే నెల రాగానే నా బల్ల మీదికి ఒక పేజీ వచ్చేది. అమ్మకు మీ చేతులతో ఏం చేసివ్వవచ్చు అని పాఠకులకు చెప్పాలి. పాత గాజులతో ఫోటో చట్రం, కుక్కర్లో కేకు, గాజు సీసాలో దీపాలు, ఎండబెట్టిన పూలరేకులతో శుభాకాంక్షల కార్డు. చీఫ్ సబ్ ఎడిటర్ కావడంతో అవన్నీ నేనే దిద్దేవాడిని. అమ్మ పాత చీరలతో బొంత అన్నది ప్రతి రెండు మూడేళ్ళకూ తిరిగి వచ్చేది, బొమ్మ మాత్రం మారేది. వాటిలో ఒక్కటీ నేను చేసి చూడలేదు. రిటైరై తిరుపతిలో ఇంటిపట్టున ఉన్నాక, ఈ ఏడాది మే నెలకు ముందు, ఆ పేజీ ఎవరికోసం వేసేవాళ్ళమా అని ఊరికే అనిపించింది. అక్కకు ఫోను చేశాను.

"ఈ ఎండల్లో బొంతేందిరా?" అని నవ్వింది. మళ్ళీ తనే, "పరుచుకునేదానికి పనికొస్తాదిలే. ఆ నులకమంచం అమ్మ వీపు గీరుతా ఉండాది," అంది.

నా భార్య అమ్మను కంటి పరీక్షకు ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు అక్క వచ్చింది. ఇద్దరం అమ్మ ట్రంకుపెట్టె తెరిచాం. అడుగున నూలు చీరలు రెండు దొంతరలుగా ఉన్నాయి, మధ్యలో పాత తువ్వాలు మడిచి పెట్టి ఉంది. ఒక దొంతరలోవి బాగా నలిగినవి, ఇంకో దొంతరలోవి కొంచెం గట్టివి, అంతే అనుకున్నాం. బొంతకు పై పొర గట్టిగా, లోపలి పొరలు మెత్తగా ఉంటే మంచిదని అక్క అంది. రెండింటిలోనూ తీసుకుని మూటగట్టి, పుత్తూరు మీదుగా వెళ్ళే బస్సులో నగరికి, అక్క వాళ్ళ ఊరికి, మోసుకెళ్ళాను.

అక్క ఇల్లు మరమగ్గాల వీధిలో ఉంది. పగలంతా ఆ చప్పుడులో మాటలు గట్టిగా అరుచుకోవాలి. మగ్గాలు ఆగిన వేళ చూసుకుని నడవలో చాప పరిచి కుట్టేవాళ్ళం. అక్క చేతి కుట్టు చీమలబారులా నడిచేది. నాది మాత్రం ఎటు పోవాలో తెలియని మనిషి నడకలా ఉండేది.

"ఏమప్పా, పెన్ను పారేసి సూది పట్నావే!" అని మా బావ వెళ్తూ వస్తూ ఎగతాళి చేసేవాడు. "దీన్ని గూడా తిరగరాస్తావా, ఒక్కసారికే అచ్చుకి పంపిస్తావా?"

"నువ్వు పక్కకి పో, ఎలుతురు అడ్డం," అనేది అక్క.

ముక్కలు అమరుస్తుంటే ఒక్కో చీర దగ్గర అక్క చెయ్యి ఆగేది. ఇది నా బారసాలకు అమ్మ కట్టిందని, ఇది తన పెద్దకొడుకు ఉయ్యాలకు కట్టారని చెప్పేది. కొన్ని మాత్రం ఎప్పటివో తనకూ గుర్తు రాలేదు. అవి చూడ్డానికి బాగున్నాయని పై పొరకు మధ్యలో వేసింది.

ఆ గుర్తు రానివే అమావాస్యకు పెట్టిన చీరలు. ఆ సంగతి, బొంత తెంపిన రోజు అక్కను బస్టాండులో దింపి వచ్చాక, అమ్మ చెబితే తెలిసింది. తువ్వాలుకు అవతల ఉన్నవి పెద్దమ్మవి, ఇవతల ఉన్నవి తనవి.

"అవన్నీ నువ్వు కట్టుకున్న చీరలే కదమ్మా," అన్నాను.

"కట్టుకున్నా. ఆమె దగ్గర అడిగి కట్టుకున్నా. అడిగి కట్టుకున్నది మనదయిపోతాదా?" అంది. తర్వాత నా వైపు చిరాగ్గా చూసి, "మంచం మీద పరుచుకోని, ఆమె మీద కాళ్ళు పెట్టుకోని పండుకోమంటావా నన్ను?" అంది.

నాకు కొంత ఊరటగా అనిపించింది. ఇది పోయిన మనిషి పట్ల మర్యాద, అంతకు మించి ఏమీ లేదు. అక్క ఇల్లు చేరే వేళకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. బస్టాండులో అక్క నన్ను ఒక్కటే అడిగింది: "ఆ రెండు కుప్పల్లో నేను యాడుండానురా?" దానికి ఇది జవాబు అవుతుందనుకున్నాను.

అక్క అంతా విన్నది. వెనకాల మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.

"అయితే నన్ను గూడా ఆమె దగ్గర అడిగి తెచ్చుకునిందేనా?" అంది.

ఎందరినో ఎన్నో ప్రశ్నలు అడిగిన ఉద్యోగం నాది. ఈ ప్రశ్నను అమ్మ దగ్గరికి ఏ మాటల్లో తీసుకుపోవాలో తెలియలేదు. అడిగి తెచ్చుకున్నదని అమ్మ అంటే అది ప్రేమో, పెద్దమ్మ అప్పగించిన బాధ్యతో నాకే తేలలేదు. కాదంటే పెద్దమ్మను చెరిపేసినట్టు. నా భార్యను అడిగాను. "అంత లోతుగా ఆలోచిస్తే ఏ ఇంట్లోనూ ఎవరూ ఎవరికీ ఏమీ కారు," అని పనిలో పడింది. అది నిజమే అనిపించింది, కానీ అక్కకు చెప్పగలిగిన మాట కాదు.

ఈలోగా అమ్మ పెద్దమ్మ ముక్కలన్నీ ఏరి, మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. కంట్లో చుక్కల మందు వేసుకుంటూ, పొద్దుటి ఎండలో, సూదిలో దారం నా చేత ఎక్కించుకుంటూ కుట్టింది. చిన్న బొంత అయింది. నాలుగు అంచులకూ ఎర్రగుడ్డ వేసింది. నా చేతికి ఇచ్చి, "పాపకు ఇచ్చి రా," అంది. అక్కను అమ్మ ఈ వయసులోనూ పాప అనే పిలుస్తుంది. "కప్పుకోమని చెప్పు. పరుచుకోవద్దని చెప్పు. వాళ్ళమ్మది."

ఆ చివరి మాట నేను నగరిలో చెప్పలేదు. చెప్పకపోయినా అక్కకు అర్థమైంది. బొంతను రెండు చేతులతో తీసుకుంది. అంచు కుట్టును గోటితో తడిమింది. "అమ్మ కండ్లు సరిగా కనపడకనే కుట్టిందే," అంది. కళ్ళకు అద్దుకుని, మడత విప్పకుండా బీరువాలో పై అరలో పెట్టింది.

"నచ్చలేదా?" అన్నాను.

"నచ్చలేదని ఎవురన్నారబ్బా? పెద్దమ్మ మొగం పటంలో చూసిందే గానీ నాకు గుర్తు లేదు. ఇన్నేండ్లూ ఆమెకు అమ్మ చీరలు పెట్టి, పోగు పోకుండా దాచిందంటే చిన్న విషయమా?" అంది. నీళ్ళ చెంబు తెచ్చి నా ముందు పెట్టి కూర్చుంది. "ఆ రెండో కుప్ప ఏం చేసింది?"

"మూటగట్టి పెట్టెలో పెట్టింది."

"నాకు అవి కావాల," అంది అక్క. "అందులో నుంచి ఒక్క ముక్క ఇచ్చినా చాలు. అమ్మను అడగరా."

అడుగుతానని వచ్చేశాను. ఇంట్లోకి అడుగు పెట్టగానే అమ్మ, "పాప సంతోషపడిందా?" అంది. పడిందన్నాను. అది అబద్ధమా అంటే కాదు, నిజమా అంటే చెప్పలేను. అక్క కోరిక చెబితే తాను పంపినది చాల్లేదని అమ్మ అనుకోవచ్చు. చెప్పకపోతే, అమ్మే ఇవ్వనన్నదని అక్క అనుకోవచ్చు.

వానలు మొదలయ్యాయి. అమ్మ ఇప్పటికీ వట్టి నులకమంచం మీదే పడుకుంటోంది. తన ముక్కలతో ఏదైనా కుట్టుకోమంటే కళ్ళు లాగుతున్నాయంటోంది. అక్క ఫోను చేసినప్పుడల్లా చివర్లో, "అడిగినావా?" అంటుంది. ఇంకా అడగలేదు.