తలుపు బయట చెప్పులు

ఇస్త్రీ పిన్ని ఆ దేశం కాని దేశంలో దిగిన పదహారో రోజు పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ తలుపు తీస్తే గుమ్మం ముందు చెప్పులు లేవు. ఒకసారి లోపలికి చూసింది, ఒకసారి బయటికి చూసింది. పన్నెండు తలుపులున్న పొడుగాటి కారిడార్ తళతళా మెరుస్తోంది. నిన్న సాయంత్రం తను చెప్పులు విడిచిన చోట ఎవరో తడిగుడ్డ పెట్టి తుడిచిన గుర్తు కూడా ఉంది. అరికాలి మంట నెత్తికెక్కిందంటారే, పిన్నికి ఆ పూట అదే జరిగింది.

"ఎవరే నా చెప్పులు తీసింది?" అని గోడలు అదిరేలా అరిచింది. మిగతా పదకొండు తలుపుల్లో ఒక్కటీ తెరుచుకోలేదు.

ఆ చెప్పుల సంగతి చెప్పకపోతే ఈ కోపం ఎవరికీ అర్థం కాదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి పిన్ని ఎడమకాలు రెండు వేళ్ళ మేర పొట్టిగా మిగిలిపోయింది. పెళ్ళిచూపుల్లో తక్కినవాళ్ళంతా ఆవిడ మొహం చూస్తుంటే, పంచర్ల షాపు నడిపే పెళ్ళికొడుకు మాత్రం నడక చూశాడు. "దీనికేముంది, రబ్బరు ముక్క వేస్తే సరిపోతుంది" అన్నాడు. ఆ మాటకి పెద్దలు మొహాలు మాడ్చుకున్నారు గానీ, పిన్ని మాత్రం అప్పుడే సరేననుకుంది. పెళ్ళయిన వారానికి ఆయన పాత లారీ టైరు కోసి, పొర మీద పొర అతికించి, ఎడమ చెప్పు కింద సరిగ్గా రెండు వేళ్ళ ఎత్తు కట్టాడు. అప్పట్నించి ఏడాదికో జత. ఆ చెప్పులేసుకునే ఆవిడ వీధి మలుపులో బండి పెట్టుకుని, బొగ్గుల ఇస్త్రీపెట్టె పట్టుకుని పాతికేళ్ళు నిలబడింది. ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ పిన్నే.

రోడ్డు వెడల్పు చేస్తామని బండి తీయించేశాక, అక్క కూతురి మొగుడు తను సూపర్‌వైజరుగా ఉన్న ఆసుపత్రి లాండ్రీలో పని చూపించాడు. మూడు నెలలు చూస్తారు. నచ్చితే ఉంచుకుంటారు, నచ్చకపోతే విమానమెక్కిస్తారు. పని అంటే రోజుకి ఎనిమిది గంటలు నిలబడి దుప్పట్లు, దిండు గలీబులు ఇస్త్రీ చేయడం. చెప్పులుంటే పిన్ని పన్నెండు గంటలైనా నిలబడుతుంది. అవి లేకపోతే రెండో గంటకే నడుము పట్టేస్తుంది. ఒక్క జతే తెచ్చుకుంది.

చెప్పులు పోకముందే ఆ ఊరి మీద పిన్నికి బోలెడంత కసి పేరుకుపోయింది. లిఫ్టులో మనిషిని చూసి పలకరింపుగా నవ్వితే, ఆ మనిషి తన చొక్కాకి ఏమైనా అంటుకుందేమోనని చూసుకున్నాడు. గదిలో కిటికీ నాలుగు వేళ్ళకి మించి తెరుచుకోదు. గోడ అవతల దగ్గు వినిపిస్తుంది, దగ్గే మనిషి కనిపించడు. తొమ్మిదిమందికి ఒకే నీళ్ళగది ఉన్న ఇంట్లో పుట్టి, ఏడుగురున్న ఇంట్లో మెట్టిన మనిషి పిన్ని. బుద్ధెరిగాక ఒక్కతే కూర్చుని అన్నం తిన్న పూట లేదు. ఇక్కడ రెండో రోజు గోడల్ని చూస్తూ మింగలేక, తలుపు బార్లా తీసి, గుమ్మం దగ్గర కంచం పెట్టుకుని కూర్చుంది. పక్కగది ఆవిడ అటుగా వచ్చి, ఎంతో మర్యాదగా నవ్వి, పిన్ని తలుపు పిన్ని మొహం మీదే మూసి వెళ్ళిపోయింది. మూసిన తలుపు ఎదురుగా చేతిలో ముద్దతో పిన్ని అలాగే ఉండిపోయింది. తిడితే తిరిగి తిట్టొచ్చు. నవ్వి తలుపు మూసేవాళ్ళని ఏం చేయాలి?

ఆ రోజు పిన్ని లాండ్రీవాళ్ళిచ్చిన గుడ్డబూట్లు తొడుక్కుని లాండ్రీకి కుంటుకుంటూ వెళ్ళింది. పదిగంటలకల్లా నడుములో పోటు మొదలైంది. తువ్వాలు నాలుగు మడతలు పెట్టి ఎడమకాలి కింద వేసుకుంది. అది జారుతుంది, మళ్ళీ సర్దుకుంటుంది. ఇంతలో దుప్పటి మీద ముడత పడుతుంది. పన్నెండింటికి అల్లుడు వచ్చాడు.

"అత్తయ్యా, ఏంటిది? నాలుగు దుప్పట్లు వెనక్కొచ్చాయి. పైవాళ్ళు చూస్తున్నారు."

"నా చెప్పులు ఎత్తుకుపోయారు నాయనా! దొంగల కొంపలో పెట్టావు నన్ను."

"ఎక్కడ పెట్టారు చెప్పులు?"

"చెప్పులు ఎక్కడ పెడతారు? గుమ్మం బయట."

అల్లుడు తల పట్టుకున్నాడు. "మీకు కాగితాలేవీ రాలేదా?"

వచ్చాయి. తలుపు కింద నుంచి రెండుసార్లు ఏవో పచ్చ కాగితాలు లోపలికి తోశారు. తివాచీల అమ్మకం కాగితాలనుకుని, రెండింటినీ మడిచి, ఊగే బల్ల కాలి కింద దోపింది పిన్ని. బల్ల ఊగడం ఆగిపోయింది కూడా.

"కారిడార్‌లో ఏ వస్తువూ ఉంచకూడదని రాసి ఉంటుంది అత్తయ్యా. నిప్పంటుకుంటే మనుషులు పరిగెత్తడానికి అడ్డమట. బయట ఉన్నవి చెత్త కింద లెక్క. తీసి పారేస్తారు."

"చెత్తా?" పిన్ని ఇస్త్రీపెట్టె ఠక్కున దింపింది. "మీ మావయ్య వేళ్ళు కోసుకుని చేసిన చెప్పులు చెత్తా? ఊళ్ళో ఒక్కడంటే ఒక్కడు తలుపు తీసి నువ్వెవరివమ్మా అని అడిగిన పాపాన పోలేదు, చెప్పులు మాత్రం అడ్డమొచ్చాయా? అయినా పొయ్యికీ గుమ్మానికీ మూడడుగులు లేవు. బజారంతా తొక్కొచ్చిన చెప్పులు పొయ్యి పక్కన పెట్టుకోనా?"

"మెల్లిగా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ! చూసేవాళ్ళయినా ఉన్నారు ఇక్కడ."

డ్యూటీ దిగి పిన్ని తిన్నగా బిల్డింగు ఆఫీసుకి వెళ్ళింది. పిన్ని మాటలు అర్థంకాక అక్కడి గుమాస్తా గోడ మీది బొమ్మ చూపించాడు. కారిడార్, అందులో సైకిలు, పెట్టె, వాటి మీద ఎర్రగీత. చెప్పుల బొమ్మ లేదు. "ఏదీ, చెప్పులేవీ ఇందులో?" అని పిన్ని తెలుగులోనే నిలదీసింది. గుమాస్తా కంప్యూటరు వైపు తిరిగాడు. పిన్ని బూట్లు విప్పి, చల్లటి నేల మీద రెండు పాదాలూ పక్కపక్కనే పెట్టి, ఒంగిన నడుము చూపించి, "ఇదిగో, ఇదీ సంగతి! రాసుకో నీ కాగితం మీద!" అంది. ఏడుపొస్తున్నందుకు ఇంకా ఒళ్ళు మండింది.

గుమాస్తా కంగారుపడి ఫోను చేశాడు. కాసేపటికి నీలం గౌను తొడుక్కున్న ఆవిడ వచ్చింది. అంతస్తులన్నీ ఊడ్చేది ఆవిడే. ఆవిడదీ వేరే దేశమే, ఆ ఊరి భాష ఆవిడకీ అంతంతమాత్రం. పిన్ని పాదాల్ని చూడగానే వెనక్కి తిరిగి, చీపుళ్ళ గదిలోంచి ఒక సంచీ తెచ్చింది. అందులో చెప్పులున్నాయి. మట్టి దులిపి, శుభ్రంగా తుడిచి ఉన్నాయి.

"అయితే దొంగవి నువ్వేనన్నమాట!" అంది పిన్ని, ప్రాణం లేచొచ్చినా నోరు ఊరుకోక.

ఊడ్చే ఆవిడ ఎడమ చెప్పు తిరగేసి, టైరు పొరల పక్కన తన వేళ్ళు రెండు ఆనించి చూపించింది. తర్వాత చెత్తడబ్బా వైపు చూపించి, కాదన్నట్టు చెయ్యి ఊపింది. పారేయమన్నారు, నాకు చేతులు రాలేదు అని చెబుతోందని అర్థమవడానికి పిన్నికి కొంచెంసేపు పట్టింది. చెప్పులేసుకుని, నిటారుగా నిలబడి, "సరేలే" అంది.

ఆ సాయంత్రం ఫోన్లో మొగుడు తేలిగ్గా అనేశాడు. "లోపల పెట్టుకుంటే ఏం పోయిందే? అక్కడి పద్ధతి అక్కడిది."

"నీకేం, ఎన్నయినా చెబుతావు. మన వీధిలో చెప్పులు బయట ఉంటే మనిషి లోపల ఉన్నట్టు. ఎండ ఎక్కినా అవి కదలకపోతే, ఏమ్మా ఒంట్లో బాలేదా అని నలుగురు తలుపు బాదుతారు. ఇక్కడ నేనున్నానని ఎవడికి తెలుసు? లోపల పెట్టుకుంటే, ఉన్నా పోయినా ఒకటేగా ఈ తలుపు!"

"అయితే బయటే పెట్టుకో" అన్నాడు మొగుడు.

పిన్ని బయటే విడిచింది. మర్నాడు పొద్దున్నే ఊడ్చే ఆవిడ తలుపు తట్టి, వేలు ఊపి, వాటిని లోపలికి నెట్టింది. ఆ సాయంత్రం పిన్ని మళ్ళీ బయట పెట్టింది. ఈ పోరు వారం నడిచింది. చివరికి ఊడ్చే ఆవిడే దారి కనిపెట్టింది. తలుపు చట్రం గోడలోకి నాలుగు వేళ్ళు లోతుగా ఉంది. చెప్పుల్ని తలుపుకి ఆనించి నిలబెడితే గోడ గీత దాటి కారిడార్‌లోకి రావు. ఎవరైనా అడిగితే, గీత దాటలేదని చూపించొచ్చు కూడా.

"చెప్పుల్ని గోడకుర్చీ వేయించినట్టు నిలబెట్టడమేంటి, నా ఖర్మ కాకపోతే!" అని పిన్ని సణిగింది. సణుగుతూనే నిలబెట్టింది. పొద్దున ఆరున్నరకి ఆవిడ డ్యూటీకి వెళ్ళాక ఆ చోటు ఖాళీగా ఉండేది, సాయంత్రం నాలుగింటికి చెప్పులు వచ్చి చేరేవి. లాండ్రీలో దుప్పట్లు వెనక్కి రావడం ఆగిపోయింది.

రెండో నెల చివర్లో ఒకరోజు పిన్నికి జ్వరం ముంచుకొచ్చింది. తెల్లారింది గానీ ఆవిడకి లేచే ఓపిక లేదు. గొంతు పిడచకట్టుకుపోయింది. ఫోను చార్జింగు అయిపోయి బల్ల మీద పడి ఉంది, ఆ బల్ల ఆరడుగుల దూరంలో ఉంది. గోడ అవతల మనిషి దగ్గాడు. లిఫ్టు చప్పుడైంది, అడుగులు వెళ్ళిపోయాయి. 'ఇంతేనా! ఇంతమంది ఉండి, ఇంతేనా!' అని పిన్ని పడుకునే పళ్ళు కొరుక్కుంది. కంట్లో నీళ్ళు దిండులోకి కారుతుంటే తుడుచుకోలేదు.

ఎంతసేపటికో తలుపు చప్పుడైంది. మొదట మెల్లిగా, తర్వాత గట్టిగా, ఆ తర్వాత అరచేత్తో దబదబా. మళ్ళీ చెప్పుల గొడవకే వచ్చారనుకుంది పిన్ని. ఆ కోపంలోనే ఎక్కడి బలమో వచ్చి, మంచం పట్టుకుని, గోడ పట్టుకుని, కుంటుకుంటూ వెళ్ళి గడియ తీసింది.

ఎదురుగా ఊడ్చే ఆవిడ. చీపురు కింద పడేసి ఉంది. కదలకుండా నిలబడి ఉన్న చెప్పుల్ని చూపించింది, తన చేతి గడియారం చూపించింది. తర్వాత తడి చెయ్యి గౌనుకి తుడుచుకుని పిన్ని నుదుటి మీద పెట్టింది. గడియారంలో పదైంది.

పిన్నికి ఒక్కసారిగా ఎక్కడెక్కడి ఉక్రోషమూ తన్నుకొచ్చింది. ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, వెక్కుతూ తెలుగులోనే దులిపేసింది.

"పదింటికా రావడం? మా వీధిలో అయితే ఏడింటికే తలుపు బాదేవాళ్ళు!"

ఊడ్చే ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. తలూపింది. లోపలికి రాబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, తన బూట్లు రెండూ విప్పింది. వాటిని కారిడార్‌లో, గోడ గీత దాటి, గుమ్మం ముందే వదిలేసి లోపలికొచ్చింది.