కాలి కింది బ్రేకు

యాభై ఆరో ఏట డ్రైవరుగారు బస్సు దిగారు. దిగడమేముంది, చూపు మందగించిందని దించేశారు. ఇరవై తొమ్మిదేళ్లు యాభైమందిని వెనక కూర్చోబెట్టుకుని తిప్పిన మనిషి, ఇప్పుడు ఆసుపత్రిలో ఒక్కొక్కరినే ముందు కూర్చోబెట్టుకుని చక్రాల కుర్చీ తోస్తున్నారు. అక్కడా అందరూ డ్రైవరుగారనే పిలుస్తారు. అది గౌరవమో వెటకారమో ఆయనకింకా తేలలేదు. మలుపు తిరిగేముందు తలెత్తి, లేని అద్దంలోకి చూస్తారు. ఎవరైనా అడ్డొస్తే నోరు మెదపరు, బొటనవేలు మాత్రం హారన్ కోసం తడుముకుంటుంది. రోజంతా నిలబడి సాయంత్రానికి మోకాళ్లు బిగుసుకుపోతాయి. "వేరే పనేదైనా చూసుకోవచ్చుగా" అంటుంది భార్య. "ఇదే ఆ వేరే పని" అంటారాయన.

చేరిన రోజే, కూతురి వయసున్న సూపర్‌వైజరు చెప్పింది: "బ్రేకు చేతి దగ్గరుంటుంది బాబాయ్, మర్చిపోకండి." మొన్న ఎక్స్‌రే గది ముందు వాలులో కుర్చీ ఆయన చేతుల్లోంచి జారింది. అందులో కాలికి కట్టుతో ఒక ముసలావిడ ఉంది. రెండడుగులు వేసి పట్టుకుంటే ఆగేదే. ఆయన కదల్లేదు. ఉన్నచోటే పళ్లు బిగించి, కుర్చీ గోడకి కొట్టుకుని ఆగేదాకా కుడికాలితో నేలని అదిమారు. దెబ్బ తగల్లేదు గానీ ముసలావిడ వెనక్కి తిరిగి ఆయన మీద అరిచింది:

"బొమ్మలా నిలబడి చూస్తావేంటయ్యా?"

సూపర్‌వైజరు పరుగున వచ్చి కుర్చీ తను పట్టుకుంది. "ఇక మీరు కూర్చోండి బాబాయ్" అంది, చాలా మెల్లగా. ఆ మెత్తదనానికి అర్థం ఆయనకి తెలుసు. బస్సు దించిన రోజునా ఇలాగే మాట్లాడారు.

"గట్టిగానే తొక్కానమ్మా" అన్నారాయన. కాలు ఇంకా తియ్యలేదు.