చదవకుండా దాటేసిన బ్లాకు

తార్నాకలో మా ఆఫీసు ఒక టిఫిన్ సెంటర్ పైన, రెండో అంతస్తులో ఉంటుంది. కొన్ని ప్రైవేటు డిగ్రీ కాలేజీల పరీక్షల రికార్డులు దాచిపెట్టే చిన్న కంపెనీ. డేటాబేస్ చూసుకునేది నేనే. మాది కర్నూలు వైపు. నాకు ముక్కు మీద కోపమని ఆఫీసులో పేరు. కానీ పని చేయకుండానే "అయిపోయింది" అనేవాళ్లను చూస్తే ఎవరికైనా ఒళ్లు మండదా?

ఆ రోజు పొద్దున ఒకమ్మాయి వచ్చింది. ఇల్లు మాణికేశ్వర్ నగర్‌లో. పక్కనే ఉన్న క్యాంపస్‌లో పీజీ సీటు వచ్చింది. డిగ్రీ మార్కులు నిజమో కాదో చెప్పమని యూనివర్సిటీవాళ్లు అడిగితే, "ఈ నంబరుపై వివరాలు లేవు" అని మా దగ్గర్నుంచే జవాబు వెళ్లిందట. అసలు మెమో ఆమె చేతిలోనే ఉంది.

"నా మెమో దొంగదంటున్నరు మేడం. క్యాంపస్‌ల అందరి ముందట అడిగిన్రు. అదన్న ఓర్చుకుంట. ఇంట్ల మా బాపు గూడ నమ్ముతలేడు. పాస్ గాకనే పాసైన అని చెప్పినవా బిడ్డా అంటున్నడు" అంది. ఏడవలేదు. అందుకే నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

నంబరు కొట్టి చూశాను. నిజంగానే ఏమీ రాలేదు. మార్కులు తప్పుగా ఉండటం వేరు, మనిషే లేకపోవడం వేరు. కబురు చేస్తానని ఆమెను పంపించి, బ్లాకులు తనిఖీ చేసే ప్రోగ్రాం నడిపాను.

డేటాబేస్ రికార్డులను బ్లాకులుగా దాస్తుంది. ఒక్కో బ్లాకులో కొంతమంది విద్యార్థులు. రాసేటప్పుడు అందులో ఉన్నదంతా కలిపి లెక్కగట్టి ఒక అంకె వేసి పెడుతుంది. చదివేటప్పుడు మళ్లీ లెక్కగడితే అదే అంకె రావాలి. రాకపోతే ఆ బ్లాకు పాడైనట్టు. ఆమె ఉండాల్సిన బ్లాకు దగ్గర అంకె కలవలేదు.

అలాంటప్పుడు డేటాబేస్ గోల పెట్టాలి. పెట్టలేదు. వెతికితే తెలిసింది, పాడైన బ్లాకు ఎదురైతే నోరెత్తకుండా దాటి పొమ్మని ఎవరో సెట్టింగ్ పెట్టారు. తిన్నగా మా మేనేజర్ గదిలోకి వెళ్లాను.

"ఇది ఎవరు పెట్టినారు సార్?"

"మీరు రాకముందే నేనే పెట్టిపిచ్చిన. రిజల్ట్స్ దినం ఎర్రర్ వచ్చిందంటె కాలేజోళ్లు ఫోన్ల మీద ఫోన్లు జేస్తరు. స్క్రీన్ సాఫ్‌గ ఉండాలె గద."

"రిజల్ట్స్ అయిపోయినాక తీసేయల్ల కదా?"

"మళ్ల రిజల్ట్స్ వస్తయి గద మేడం. ఊకె పెట్టుడు, తీసుడు ఎందుకని."

ఆయనేమీ చెడ్డవాడు కాదు. తెర మీద ఎర్రర్ కనబడకపోతే లోపల అంతా బాగున్నట్టేనని నిజంగా నమ్మేవాడు.

రోజూ తీసే కాపీల దగ్గరికి వెళ్లాను. అన్నిటి పక్కనా "విజయవంతం" అనే ఉంది. పాడైన బ్లాకును పాడైనట్టే నమ్మకంగా కాపీ చేసుకుంటూ వచ్చాయి. వెనక్కి వెనక్కి పోతే చివరికి ఒక పాత కాపీలో అంకె కలిసింది. ఆ బ్లాకు తెచ్చి పెట్టాను. ఆమె పేరు, మార్కులు అన్నీ వచ్చాయి, మెమోలో ఉన్నవి ఉన్నట్టే. ఆ బ్లాకులో ఇంకొందరున్నారు. వాళ్లను ఎవరు ఏమన్నారో తలచుకుంటే భయం వేసింది. సెట్టింగ్ నా చేత్తోనే తీసేసి, తప్పు మాదేనని యూనివర్సిటీకి ఉత్తరం పంపించాం. సీటు నిలబడింది.

తర్వాత ఉత్తరం కాపీ కోసం ఆమె తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన ఖాకీ చొక్కాతో, డ్యూటీ మధ్యలో వచ్చినట్టున్నాడు. ఉత్తరం మొత్తం చదివించుకున్నాడు. ఆమె మొహం ఆ రోజు తేటగా ఉంది. ఆయన నా బల్ల మీదికి వంగి గొంతు తగ్గించాడు.

"మేడం, తప్పు అనుకోకున్రి. ఈ మార్కులు కంప్యూటర్ల మొదటి సంది ఉన్నయా, బిడ్డ బతిమాలితె మీరు మొన్న ఎక్కించిన్రా?"

గొంతు ఎంత తగ్గిస్తే ఏం, ఆమె పక్కనే ఉంది.

"మొదట్నుంచీ ఉండాది. పోగొట్టింది మేము" అన్నాను. ఆయన తలూపాడు. నమ్మాడో, ఇంకేం అడగలేక ఊరుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమె ఉత్తరం తీసుకోలేదు. మెట్ల వైపు నడిచింది. ఆయనే దాన్ని జేబులో పెట్టుకుని, "ఆగు బిడ్డా, ఆగు" అంటూ వెనక దిగాడు. ఆమె ఆగలేదు.