హైపోలో కడగని ఫొటో

అప్పటికి పదేళ్లుగా శ్రీకాకుళంలో నాకు ఫొటో స్టూడియో ఉండేది. అరవైల చివర్లో ఒక మధ్యాహ్నం, విజయనగరం బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన నల్లకాగితం మడత విప్పి ఒక ఫొటో నా చేతికిచ్చాడు. వరదలో ఏరు సుడి తిరుగుతున్నట్టుంది.

"ఏ కెమెరాతో తీశారు?" అన్నాను.

"కెమెరా ఏటి బాబూ! ఫొటో కాగితం మీద సేపల వల, గాజుముక్కలు పరిసి ఎండలో ఎట్టినాను. హైపో మందు అయిపోనాది. విజయనగరంలో కొని కడిగితేగాని బొమ్మ నిలవదు."

పదేళ్లలో నేను అలాంటిది ఒక్కటీ తీయలేదు. కడుపు మండిపోయింది. ఆయన టిక్కెట్టు కోసం సంచీ అంతా వెతుక్కుంటున్నంతసేపూ ఆ కాగితాన్ని కిటికీ ఎండలో పట్టుకున్నాను. కడగని కాగితం ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఆయన ఇటు తిరిగేసరికి ఏరంతా నల్లబడిపోయింది.

"అయ్యో! పోన్లే, నీకు తెలీదు కదా నాయినా," అన్నాడు.

తెలియనట్టే తలూపాను.

ఆయన ఇంకో మడత తీసి నా ఒళ్లో పెట్టి, తన తువ్వాలు నా తలమీదుగా కప్పాడు. "ఈ నీడలో సూడు. దీనికేటీ అవ్వదు."

అది మొదటిదానికన్నా బాగుంది. ఆ తువ్వాలు కింద కూడా నాకు ముందు కలిగింది సిగ్గు కాదు, అసూయే.