ఆరని లప్పం

బండి మీద చిన్న గీత పడితే చాలు, షోరూముకు ఫోన్ చేసి వాళ్ళు వచ్చి తీసుకుపోయేదాకా అన్నం సహించని మా అబ్బాయిని చూస్తే నాకు జాలీ వేస్తుంది, నవ్వూ వస్తుంది. డెబ్బైలలో మా నాందేడ్‌లో బండికి జబ్బు చేస్తే దాన్ని వాకిట్లోనే పెట్టుకుని ఇంటిల్లిపాదీ వైద్యం చేసేవాళ్ళం. ఇంట్లో ఉన్నదాంతో గడుపుకోవడం తెలివి, బయటివాళ్ళతో చేయించుకోవడం చేతకానితనం అన్నది అప్పట్లో మా గల్లీ సిద్ధాంతం. మా ఇంటికి సంబంధించినంతవరకు ఆ సిద్ధాంతానికి పీఠాధిపతి మా కాక, అంటే మా నాన్న తమ్ముడు. ఆయన ఏ ఇంజనీరింగూ చదవలేదు గానీ గల్లీ అంతా ‘ఇంజనీర్ కాక’ అనే పిలిచేది. మా దుకాణం తక్కెడను ఆయన ఒకసారి స్వహస్తాలతో మరమ్మతు చేశాడు. అప్పటినుంచి అది ఎప్పుడు తూచినా కొంచెం మా వైపే మొగ్గుతోందని గిరాకీలు అనేవారు (మేము మాత్రం అది ఆయన చేతి చలవ అనేవాళ్ళం).

మాది నూనెల దుకాణం. పల్లి నూనె, నువ్వుల నూనె, గొడ్లకు పెట్టే గానుగపిండి చెక్క, ఇవి కాక తలుపులకూ కిటికీలకూ రంగు వేసే పెయింటర్ల కోసం అవిసె నూనె. ఆ అవిసె నూనెను మా దగ్గర మరాఠీవాళ్ళలాగే జవస నూనె అంటారు. గద్దె మీద మా నాన్న కూర్చునేవాడు. ఆయన్ని మేము బాపు అనేవాళ్ళం, ఊరు సేటు అనేది. సరుకు తేవడానికి ఎవరో కాంట్రాక్టరు వాడి వాడి విసిగిపోయి అమ్మేసిన పాత పికప్ ఒకటి ఉండేది. అతని దగ్గర రైల్వే గూడ్సు నుంచి వానాకాలమంతా ఉప్పు బస్తాలు మోసీ మోసీ దాని ఒళ్ళంతా జంగు, అంటే తుప్పు, పట్టింది. తలుపు కింది అంచులు అప్పడాల్లా విరిగేవి. డ్రైవరు కాళ్ళ దగ్గర రేకు తినేసి, పోతున్న రోడ్డు కనిపించేది. "ఎండకాలం సల్లగ గాలొస్తది, ఏం బాధరా నీకు?" అనేవాడు కాక.

నాకు ఆ పికప్ మీద అంతులేని ప్రేమ. అప్పుడే బి.ఎస్‌సి. కెమిస్ట్రీని ఎలాగో గట్టెక్కి, లైసెన్సు ఒకటి సంపాదించి, జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. బాపు నన్ను స్టీరింగ్ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆ ఏడు దీపావళి దాటాక బండి పాసింగ్‌కు వచ్చింది. సర్కారు సాహెబు చూసి, బండి రోడ్డు మీద తిరగవచ్చని రాసివ్వాలి. ఆ సందర్భంలో బాపు గద్దె మీంచి తీర్పు చెప్పాడు.

"పాస్ అయితె రేపటికెళ్ళి నువ్వే నడుపు. కాకపోతె బండి భంగారుకు, నువ్వు హిమాయత్‌నగర్‌కు."

భంగారు అంటే పాత ఇనుము. మా జిల్లాలోనే ఉన్న హిమాయత్‌నగర్‌లో మా అక్కను ఇచ్చాము. బావకు పత్తి వ్యాపారం. చాలా మంచివాడు, మంచితనం తప్ప ఇంకేమీ లేనివాడు. తెల్లారకముందే లేచి, పత్తిలో తేమ ఎంత ఉందో చేత్తో పట్టి ఎలా తెలుసుకోవాలో చెప్పడం మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా అదే మాట. మూడు పూటలా అక్క వండిన జొన్నరొట్టె తింటూ, రోజంతా గోనెసంచుల మీద కూర్చుని తేమ గురించి వింటూ నా యవ్వనం వెళ్ళిపోతుందన్న ఆలోచనకే నాకు చెమట పట్టింది. కాక కాళ్ళ మీద పడ్డంత పని చేశాను. ఆయన బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, బొటనవేలితో అక్కడా ఇక్కడా నొక్కి (నొక్కిన చోటల్లా కొత్త కన్నం పడింది), "ఏం ఫికర్ చెయ్యకు. గింతదానికి గ్యారేజీ ఎందుకు?" అన్నాడు.

మర్నాటి నుంచి వాకిట్లో యుద్ధం. ఇనుప బ్రష్షుతోనూ రేగ్‌మాల్ కాగితంతోనూ నేను జంగు గీకుతుంటే ఎర్రటి పొడి రాలి నా తలా మీసాలూ ఒకే రంగుకు వచ్చేవి. గీకిన కొద్దీ జంగు తగ్గుతుందనుకున్నాను గానీ తగ్గుతున్నది బండి. చివరికి కాకే బెదిరిపోయి, "బస్ చెయ్‌రా నాయనా, ఇంకింత గీకితె నంబరు పలక ఒక్కటే మిగుల్తది!" అని బ్రష్షు లాక్కున్నాడు. తర్వాత పెద్ద కన్నాల్లో గోనెపట్టా ముక్కలు కుక్కాము. వాటి మీద మెత్తేందుకు లప్పం ఇంట్లోనే కలపాలని తీర్మానం. సుద్దపొడి, జవస నూనె, అంతే. నూనె బయట కొనే ప్రశ్నే లేదు కదా. బాపు గద్దె మీంచే చెయ్యి చూపించి, "గా మూలకున్న డబ్బ తీస్కపోరి" అన్నాడు. కాక స్వయంగా భుజాన వేసుకొచ్చాడు.

ఇక నా చదువు వెలిగే సమయం వచ్చింది. వాకిట్లో చేరిన గల్లీవాళ్ళ ముందు లప్పం పిసుకుతూ ఉపన్యాసం ఇచ్చాను. జవస నూనె మిగతా నూనెల్లాంటిది కాదనీ, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని తనంతట తానే గట్టిపడుతుందనీ, మూడు పొద్దుల్లో రాయి అయిపోతుందనీ, ఇది సైన్సు అనీ చెప్పాను. వాళ్ళు తల ఊపారు. కాక మెత్తాడు, నేను నునుపు చేశాను, పైన ఆకుపచ్చ రంగు పూశాము. ఎండలో నిలబెడితే పికప్ కొత్త పెళ్ళికొడుకులా మెరిసింది. నేను ఆ సాయంత్రం అద్దంలో చూసుకుని, ఒక చెయ్యి కిటికీ మీద పెట్టి నడిపితే ఎలా ఉంటానో సాధన కూడా చేశాను.

మూడు పొద్దులు గడిచాయి. లప్పం ముద్దగానే ఉంది. వారం గడిచింది. వేలు పెడితే లోపలికి దిగుతోంది, తీస్తే తీగలా సాగుతోంది, పైన పూసిన రంగు దాని మీద మీగడలా తేలుతోంది. కాక సుద్దపొడిని అనుమానించాడు. నేను గాలిని అనుమానించాను. నాందేడ్ గాలిలో ఆక్సిజన్ తక్కువగా ఉందని, గోదావరి తేమ వల్ల అలా జరుగుతుందని అదే గల్లీ ముందు రెండో ఉపన్యాసం ఇచ్చాను (ఈసారి ఎవరూ తల ఊపలేదు). ఇంతలో పత్తి సీజను మొదలైంది. మా ఇంటి ముందు నుంచే బండ్లు వరుసగా జిన్నింగు మిల్లులకు పోయేవి. గాలికి లేచిన దూదిపింజెలన్నీ వచ్చి మా పికప్‌కు అంటుకున్నాయి. రోజూ తడిగుడ్డతో తుడిస్తే తుడిచిన గుడ్డ కూడా అంటుకునేది. చూస్తుండగానే బండికి ఒళ్ళంతా బొచ్చు మొలిచింది. పక్కింటి మేక వచ్చి దాని పక్కన నిలబడి చాలాసేపు సందేహంగా చూసేది.

బాపు ఒకనాడు దుకాణం మధ్యలో ఆపి చూడ్డానికి వచ్చాడు. తలుపు మీద వేలు పెట్టాడు, తీశాడు, వేలిని చూసుకున్నాడు. తర్వాత అలవాటుగా నోరు తెరిచాడు. "ఎండకు పెట్టిన్రా? గాలి తలగనిచ్చిన్రా? చెయ్యి తేలికగ ఆడాలె. జవస నూనెకు ఏం రోగం, మీకు పూసుడు రాక..." అంటూ మధ్యలో ఆగిపోయాడు. ఎందుకు ఆగాడో ఇప్పుడైతే నాకు తెలుసు. ఆ మాటలు ఆయన రోజూ గద్దె మీంచి చెప్పేవే. రంగు ఆరడం లేదని లబోదిబోమంటూ వచ్చే ప్రతి పెయింటరుకూ ఆయన ఇవే మాటలు ఇదే వరసలో చెప్పి పంపేవాడు. కాక వైపు చూశాడు. కాక ఆకాశం వైపు చూశాడు. బాపు దుకాణంలోకీ, కాక పెరట్లోకీ వెళ్ళిపోయారు.

ఏమీ పాలుపోక వంటింట్లోకి వెళ్ళి అమ్మ దగ్గర కూర్చున్నాను. అమ్మను మేము అవ్వ అనేవాళ్ళం. కర్ఖేలి నుంచి బస్సు మీద వచ్చిన నూనె డబ్బా మూత తీస్తోంది. ఆమె పుట్టింటి ఊళ్ళో గానుగ ఆడించిన పల్లి నూనె. నేను పుట్టినప్పటినుంచి మా ఇంట్లో కూరలకు ఆ నూనే. అవ్వకు పుట్టింటి మీద మమకారం కాబోలు అనుకునేవాణ్ణి. ఆ రోజు మొదటిసారి అడిగాను.

"అవ్వా, ముంగట దుకాణం నిండ నూనె వెట్టుకొని, కర్ఖేలికెళ్ళి ఎందుకు తెప్పిస్తవే?"

అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "గీనె బీఎస్సీ అట!" అంది పొయ్యితో. "నేను కొత్తగ కాపురానికచ్చిన నాడే మీ నాయనమ్మ చెప్పింది, దుకాణం నూనె ఇంట్లకు తేవొద్దని. మీ కాక నెల నెల వెనుక గదిల తలుపు పెట్టుకొని ఏం చేస్తడనుకున్నవు, పూజనా?"

అప్పటికి గానీ నా సైన్సు పూర్తి కాలేదు. మా జవస నూనె డబ్బాలో జవస నూనె ఉండేది, అబద్ధం చెప్పకూడదు. దానికి తోడుగా చవకైన సర్కి నూనె, అంటే పత్తిగింజల నూనె, అంతకంటే ఎక్కువ ఉండేది. అది ఆరమన్నా ఆరదు. నన్ను నివ్వెరపరచింది కల్తీ కాదు. సొంత చేతులతో కలిపిన కాకకు గానీ, కలపమన్న బాపుకు గానీ, ఆ డబ్బా తీసుకునేటప్పుడు ఆ సంగతి గుర్తు కూడా రాలేదు! అన్నేళ్ళుగా కలిపీ కలిపీ వాళ్ళ మనసులో జవస నూనె అంటే అదే అయిపోయింది. పెయింటర్లకు పూయడం రాదని బాపు చెప్పేది కూడా నిజంగా నమ్మి చెప్పేదే. నాకు కోపం వచ్చింది, సిగ్గూ వేసింది. కానీ, ఉన్నమాట చెప్పాలి, వాటన్నిటికంటే ముందు హిమాయత్‌నగర్ బస్సు కళ్ళ ముందు మెదిలింది.

పాసింగ్ తెల్లవారితే ఉంది. అంతా పీకి మళ్ళీ మెత్తే వ్యవధి లేదు. కాక కిరసనాయిలు గుడ్డతో దూదిని ఊడబెరికి, జిగురు తెలియకుండా అవ్వ మొహానికి రాసుకునే పౌడరు డబ్బా మొత్తం బండి మీద దులిపాడు. పొద్దున్నే పాసింగ్ జరిగే మైదానానికి వెళ్ళాము. కాక నడిపాడు, నేను మధ్యలో, బాపు తెల్లటి ధోవతి అంటుకోకుండా గోచీ పైకి పట్టుకుని చివర్న. పాసింగ్ సాహెబు ఇస్త్రీ బట్టల్లో వచ్చాడు. ముక్కు ఎగబీల్చి, "గాడీ లగ్నాలా ఆలీ కాయ్?" అన్నాడు. బండి పెళ్ళికి వచ్చిందా అని. మేము అతివినయంగా నవ్వాము. ఇంజను విన్నాడు, బాగుందన్నాడు. బ్రేకులు చూశాడు, బాగున్నాయన్నాడు. నా గుండె స్టీరింగ్ వైపు నడక మొదలుపెట్టింది. అప్పుడు ఆయన కిందికి వంగి చక్రాలు చూద్దామని తలుపు మీద అరచెయ్యి మొత్తం ఆనించాడు.

తిరిగి తీసుకోవడానికి ఆయన కొంత బలం వాడవలసి వచ్చింది. చెయ్యి ఆకుపచ్చగా వచ్చింది, తలుపు మీద అయిదు వేళ్ళ ముద్ర లోతుగా దిగింది, దాని నడుమ నుంచి గోనెపట్టా పోగు ఒకటి తొంగిచూసింది. సాహెబు తన చేతిని చూసుకుని, మెల్లగా అడిగాడు.

"తేల్ కుణాచ్యా దుకానాతూన్ ఘేత్‌లం?"

ఎవరి దుకాణం నూనె ఇది అని. అడిగింది నన్ను. నేను నోరు తెరిచాను. నా నోట్లోంచి ఏ మాట వచ్చేదో ఈనాటికీ నాకు తెలియదు, ఎందుకంటే బాపు నన్ను పక్కకు నెట్టి ముందుకు వచ్చాడు.

"క్యా బోలూఁ సాహెబ్!" అన్నాడు, రెండు చేతులూ పైకెత్తి. "ఈ బజార్ల అసల్ మాల్ దొరుకుతదా సాహెబ్? అంత మిలావట్! గరీబుల పొట్ట కొట్టి మేడలు కడుతున్నరు బద్మాషులు. దేవుని భయం లేదు. ఇసొంటోళ్ళను చౌకుల నిలవెట్టి కొట్టాలె!" తెలుగూ దక్కనీ మరాఠీ కలిపి అలా చాలాసేపు తిట్టాడు. నటన కాదండీ. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేనూ కాకా తలలు వంచుకుని, తిట్లలో మా వంతు మేము తీసుకున్నాము.

సాహెబు కరిగిపోయాడు. ఆయన ఇంటి తలుపులకు కిందటి దీపావళికి రంగు వేయించాడట. ఇంకా ఆరలేదట. వాళ్ళ అమ్మగారి పట్టుచీర కొంగు సగం ఆ తలుపుకే ఉండిపోయిందట. నూనె ఎక్కడ తెచ్చావని అడిగితే పెయింటరు దుకాణం పేరు చెప్పడం లేదట. (బాపు గుటక వేశాడు.) "మోసపోయినవాళ్ళం మనం, మనల్ని మనం శిక్షించుకుంటామా?" అని మరాఠీలో నిట్టూర్చి, ఇంజనూ బ్రేకులూ బాగున్నాయి గనక పాస్ చేస్తున్నాననీ, ఆ పిండివంట గీకేసి నెలలోపు కొత్త రేకు వేయించమనీ చెప్పి సంతకం పెట్టాడు. అసలైన జవస నూనె ఎక్కడైనా దొరికితే తనకూ ఒక డబ్బా చెప్పమని వెళ్తూ వెళ్తూ బాపు భుజం తట్టాడు. బాపు తెల్ల చొక్కా మీద ఆ ఆకుపచ్చ చెయ్యి చాలాకాలం ఉంది.

ఇంటికి వచ్చాక బాపు మాట తప్పలేదు. తాళంచెవి నా చేతిలో పెట్టి, "పో, సాహెబు ఇంట్ల ఒక అసల్ డబ్బ ఇచ్చి రా" అన్నాడు.

"మన దుకాణంలకెళ్ళా?" అన్నాను.

"పాగల్ గిట్ల అయినవా? మొండాల సేటు దగ్గర తీస్కో."

మొండా అంటే మా గింజల మార్కెట్టు. అక్కడి సేటు మాకు పాత పోటీదారు. డ్రైవరుగా నా మొట్టమొదటి ప్రయాణం అలా సొంత దుకాణం వదిలి శత్రువు దుకాణానికి సాగింది. జవస నూనె డబ్బా కావాలన్నాను. ఆయన ముందు వరుసలోంచి ఒక డబ్బా ఎత్తి, నా మొహం గుర్తుపట్టి ఆగాడు.

"మీ ఇంటికా బిడ్డా, గిరాకీకా?"

"ఇంటికే" అన్నాను.

"గట్ల చెప్పాలె గద" అని ఆ డబ్బాను ఉన్నచోటే పెట్టేసి, తలుపు వెనుక గదిలోకి వెళ్ళి ఇంకొకటి తెచ్చి ఇచ్చాడు.

నాందేడ్ బజారు మొత్తం ఆ ఒక్క ప్రశ్నలో నాకు అర్థమైపోయింది. ఆ వయసు వాడికి మనసు కొంచెం బరువెక్కి ఉండవలసింది. ఏమీ లేదు. డబ్బాను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, అవసరం ఉన్నా లేకున్నా హారను కొడుతూ, ఊళ్ళో ఉన్న గల్లీలన్నీ తిప్పుకుంటూ వెళ్ళాను. ఇప్పుడు ఆ కుర్రవాణ్ణి ఆపి రెండు మాటలు అడగాలని ఉంటుంది నాకు. ఆగడు. మోచెయ్యి కిటికీ మీద దర్జాగా పెట్టుకుని పోతూనే ఉంటాడు. అది అంటుకుపోయిందని వాడికింకా తెలియదు.